పడమటి గదికి ఏ అద్దం

మియాపూర్,
ఆగస్టు, వాన పడని ఆదివారం

చిరంజీవి దేవిశ్రీకి అమ్మమ్మ ఆశీస్సులు, షరతులతో సహా.

నువ్వు ప్రాజెక్టు పేరుతో పోలండ్ వెళ్ళిన దగ్గర్నుంచీ మన మాటలన్నీ ఫోనులోనే. ఫోనులో నువ్వు ఊ కొడుతూ పక్కన కంప్యూటరు టకటకలాడిస్తావు. అందుకని ఇక మీదట ముఖ్యమైన సంగతులు ఉత్తరాల్లోనే. నేను రాస్తాను, పక్క ఫ్లాట్‌లో ఉండే బ్యాంకు రేఖ ఫోటో తీసి నీకు పంపుతుంది. నీ జవాబు ప్రింటు తీసి నాకు తెచ్చిస్తుంది. ఉత్తరానికి ఊ కొట్టడం కుదరదు.

ముఖ్యమైన సంగతి నువ్వు కొన్న ఫ్లాటు. నిన్న రేఖ స్కూటీ మీద హఫీజ్‌పేట వెళ్ళి చూసొచ్చాను. సామాన్లు ఎక్కించే లిఫ్టులో సిమెంటు బస్తాలతో కలిపి నన్ను ఎనిమిదో అంతస్తుకి చేర్చారు. బస్తాలు నాకంటే మర్యాదగా నిలబడ్డాయి.

తూర్పు ఫేసింగ్ కావాలని మీ నాన్న పట్టుబట్టి కొనిపించాడు కదా. తూర్పున ఉన్నది తలుపు. తలుపు తీస్తే ఎదురుగా లిఫ్టు గొయ్యి. సూర్యుడు పొద్దున్నే లిఫ్టెక్కి ఎనిమిదో అంతస్తులో దిగి కాలింగ్ బెల్లు కొడతాడని మా అల్లుడు భీమేశ్వరరావు గారి నమ్మకం కాబోలు. కిటికీలన్నీ పడమటికే. నాకంటూ నువ్వు ఉంచిన గది అయితే మరీను, గోడంత కిటికీ. అక్కడి వాచ్‌మన్ పోచయ్య నిజం చెప్పాడు: "అమ్మా, నాలుగు గొట్టినంక ఈ రూముల నిలవడలేం. పెనం మీద నిలబడ్డట్టే."

బిల్డరు మనిషి చెప్పిందేమిటంటే, దసరా దాకా కిటికీల ఎంపిక మనది. ఏ అద్దం కావాలో సంతకం పెట్టి ఇస్తే అది బిగిస్తారు. ఇవ్వకపోతే అందరికీ వేసే ఒంటి అద్దమే మనకీ.

ఇక నా షరతు. ఆ గదిలో సాయంత్రం నాలుగింటికి, లైటు వేయకుండా, ఏసీ కాళ్ళు పట్టుకోకుండా, నేను కూర్చుని పుస్తకం చదవగలగాలి. చదవగలిగితే ఆ ఇంట్లో నీతో ఉంటాను, ఇప్పుడీ కిరాయి ఇంట్లో ఉన్నట్టే. లేకపోతే కాకినాడ వెళ్ళి మీ అమ్మ దగ్గర ఉంటాను, రోజూ మీ నాన్న వాస్తు ఉపన్యాసం వింటాను. ఆ పాపం ఎవరిదో ఆలోచించుకో.

అమ్మమ్మ
బాలాత్రిపురసుందరి, భౌతికశాస్త్ర అధ్యాపకురాలు (రిటైరయింది ఉద్యోగం మాత్రమే)

*

క్రాకోవ్,
సెప్టెంబరు

అమ్మమ్మా,

షరతులు అందాయి. లాయరు నోటీసు కూడా ఇంత స్పష్టంగా ఉండదు.

నీ పరీక్షకి జవాబు నా దగ్గర రెడీగా ఉంది. ఇక్కడ నేనుండే గదికి మూడు పొరల అద్దం. బయట ట్రాము వెళ్తుంటే కనిపిస్తుంది గానీ వినిపించదు. మొన్న చలిగాలి కొట్టినప్పుడు అద్దానికి చెయ్యి ఆనించి చూశాను, గోరువెచ్చగా ఉంది. మన ఇంటికీ ఇదే వేయించాలని అప్పుడే అనుకున్నాను. హైదరాబాదులో తెప్పించి ఇచ్చేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ షీటు ఇందులో పెడుతున్నాను. పైన యు-వేల్యూ అని ఉంటుంది చూడు. అది ఎంత తక్కువైతే అంత మంచిదట. ఒంటి అద్దానికి అయిదు దాటుతుంది, దీనికి ఒకటి కూడా లేదు. క్లాసులో ఫస్టు అన్నమాట. మిగతా అంకెలు నేను చదవలేదు, ఆఫీసులో రిలీజు టైము.

రైళ్ళ చప్పుడు కూడా తగ్గుతుంది. స్టేషను దగ్గర అని నాకదే బెంగగా ఉండేది.

ఇంకో సంగతి. ఇక్కడి ప్రాజెక్టు కొంచెం సాగినా సాగొచ్చు. ఒకవేళ సాగితే ఆ ఇంట్లో కొన్నాళ్ళు ఒక్కదానివే ఉండగలవా? ఊరికే అడుగుతున్నాను.

అన్నట్టు నీ అక్షరాలేంటి, ఒక్కోటి బొబ్బట్టంత ఉన్నాయి? అమ్మ హాస్టల్లో ఉన్నప్పుడు ఒక్క ఇన్లాండ్ కాగితంలో ఊరి సంగతులన్నీ కుక్కి పంపేదానివట కదా.

దేవి

*

మియాపూర్,
సెప్టెంబరు, వినాయకుడు నీళ్ళలో కలిసిన మర్నాడు

చి. దేవికి,

అక్షరాలు పెద్దవి రాసింది నీ ఫోను తెర చిన్నదని జాలిపడి. ఇక పాఠం విను.

నువ్వు పంపిన కిటికీ చాలా మంచిది. పోలండ్‌లో. అక్కడ సూర్యుడు ఎప్పుడో గాని రాని చుట్టం. వస్తే లోపలికి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఇక్కడ రోజూ భోజనం వేళకి దిగి, సాయంత్రం దాకా కదలని చుట్టం. ఇద్దరికీ ఒకే మర్యాద చేస్తే ఎలాగే?

యు-వేల్యూ అంటే ఫ్లాస్కు. లోపలి వేడి బయటికి గాని, బయటి వేడి లోపలికి గాని ఎంత కారుతుందో అది చెప్తుంది. తక్కువైతే మంచిదే, కాదనను. కానీ ఎండ కారదు, దూకుతుంది. అద్దంలోంచి తిన్నగా దూకి నేల మీద, మంచం మీద, నా నెత్తి మీద పడుతుంది. దాని లెక్క వేరే అంకెలో ఉంటుంది. నువ్వు చదవకుండా వదిలేసిన రెండో లైను. ఎస్‌హెచ్‌జీసీ అని రాస్తారు. అద్దం మీద పడిన ఎండ వేడిలో ఎంత వంతు ఇంట్లోకి వస్తుందో అది. ఇది గొడుగు. నీ మూడు పొరల దొరసాని వందలో అరవై పాళ్ళు లోపలికి రానిస్తుంది. వచ్చిన వేడి బయటికి పోదామంటే ఫ్లాస్కు మూత గట్టిది. మాదాపూర్‌లో ఎండలో ఆపిన కారు తలుపు తీసినప్పుడు మొహాన కొడుతుందే, ఆ గదిలో నన్ను కూర్చోబెట్టి పుస్తకం చేతికిస్తావన్నమాట. మన ఊరికి ముందు గొడుగు, ఆ తరవాతే ఫ్లాస్కు.

ఇంకోటి. ఆ షీటులో అడుగున చుక్క గుర్తు పెట్టి, ఈ అంకెలు అద్దం మధ్యభాగానికి మాత్రమే అని రాసి ఉంది. చుట్టూ ఉన్న ఫ్రేము, అంచులు కలిపితే అంకె మారుతుంది. నీ ఆఫర్ లెటర్‌లో రాసిన జీతానికీ నెలాఖరున చేతికొచ్చే జీతానికీ ఉన్న తేడా లాంటిది. కిటికీ మొత్తానికి ఎంత అని అడగాలి. అడిగితే అమ్మేవాడి మొహంలో రంగు మారుతుంది, ఆ రంగు కూడా ఒక కొలతే.

రైలు చప్పుడు తగ్గించకు. లోకల్ రైలు వినిపిస్తే నాకు గడియారం చూడక్కర్లేదు.

ఊరికే అడిగానన్నావు. ఊరికే అడిగే ప్రశ్నలు నేను ఉద్యోగమంతా పరీక్ష హాళ్ళలో విన్నాను. అవి ఊరికే ఉండవు. ప్రాజెక్టు ఎంత సాగుతుంది?

అమ్మమ్మ

*

క్రాకోవ్,
సెప్టెంబరు ఆఖరు

అమ్మమ్మా,

గొడుగు అర్థమైంది. రెండో లైను చదవనందుకు గుంజీళ్ళు తీశాను, మా టీమ్ లీడ్ చూసి యోగా అనుకుంది.

ఈసారి ఆ అంకె చూసే ఎంచాను. మాదాపూర్‌లో మా ఆఫీసుకి ఉంటుందే, బయటి నుంచి అద్దంలా మెరిసే నల్లటి గ్లాసు, అదే ఇళ్ళకీ ఇస్తున్నారు. వేడి వందలో ఇరవై అయిదు పాళ్ళే. గొడుగు కాదు, ఏకంగా పందిరి. సంతకం పెట్టేయనా?

ప్రాజెక్టు గురించి ఇంకా ఏమీ తేలలేదు. తేలాక చెప్తాను.

నీ ఉత్తరం రెండో పేజీలో లైన్లు కుడివైపు కిందికి జారిపోయాయి. ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నావా? బల్ల మీద పెట్టుకుని రాయి.

దేవి

*

మియాపూర్,
అక్టోబరు మొదలు

చి. దేవికి,

సంతకం పెట్టకు. ఆ నల్ల అద్దం మూడో లైను చదివావా? వీఎల్‌టీ అని ఉంటుంది. అంటే చూపుకి పనికొచ్చే వెలుతురు ఎంత వస్తుందన్నది. దానికి వందలో పదిహేను. మీ ఆఫీసులో మిట్టమధ్యాహ్నం దీపాలన్నీ ఎందుకు వెలుగుతుంటాయో ఇన్నేళ్ళు అక్కడ కూర్చుని ఒక్కసారైనా ఆలోచించావా? ఎండని తరిమేస్తూ వెలుతురుని కూడా తరిమేసి, మళ్ళీ కరెంటు పెట్టి వెలుతురు కొనుక్కోవడం. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం ఇదే.

నాకు కావలసింది వేడి ఆపి వెలుతురు వదిలే అద్దం. అలాంటిది ఉంటుంది. ఎండలో ఉండే వేడిలో సగం కంటికి కనబడని భాగంలోనే ఉంటుంది, దాన్ని తిప్పికొట్టే పూత రెండు అద్దాల మధ్య వేస్తారు. అందుకని నిన్న నేనే కిటికీల దుకాణానికి వెళ్ళాను. ఓంకార్ అని దుకాణం యజమాని, కుర్రాడూ కాదు, పెద్దాయనా కాదు, కొలిచే టేపు చేతిలో లేకుండా నిలబడలేని మనిషి. నేను చెప్పగానే రెండు పొరల అద్దం ముక్క తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది తీసుకోండ్రి అమ్మా. వేడి ముప్పై, వెలుతురు యాభై. ఫ్రేముతోని కలిపి గూడ కాగితం ఇస్త." నేను అడగకుండానే ఫ్రేము సంగతి ఎత్తాడు. ముచ్చటేసింది.

ఆ ముచ్చట ఎంతోసేపు లేదు. ముక్క ఎత్తి వీధి వైపు చూశాను. యాభై పాళ్ళు వెలుతురు అట. నాకు సందెచీకటి పడ్డట్టుంది. ఎదురు బోర్డు మీద ఏముందో తెలియలేదు. అడిగాను, "ఏమయ్యా, నల్లద్దానికి మంచి లేబులు అంటించావా?" అని. దుకాణంలో ఇంకో ఇద్దరు కొనేవాళ్ళున్నారు. వాళ్ళ ముందే అడిగాను.

అతనికి కోపం వచ్చింది, కానీ గొంతు పెంచలేదు. "లేబుల్ నేను అంటించలే అమ్మా, కంపెనీదే. జర ఇంటికి తీస్కపోండ్రి. మీరు సైన్స్ మేడం అంటున్నరు గద, మీరే కొలువుండ్రి. తప్పుంటే నా దుకాణం ముంగట నిలబడి చెప్పుండ్రి." అద్దం ముక్కని పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చాడు.

కొలవడానికి ఏముంది? నా కళ్ళకి తెలియదా? మామూలు తెల్లద్దమే వేయిద్దాం. మందపాటి పరదా కట్టుకుంటే ఎండ ఆగుతుంది. దసరా దగ్గరపడుతోంది, ఈ వారంలో ఒప్పుకుంటున్నానని రాయి.

అమ్మమ్మ

*

క్రాకోవ్,
అక్టోబరు

అమ్మమ్మా,

ఈసారి ఉత్తరం పెద్ద అక్షరాల్లో పంపుతున్నాను. ఎందుకని అడగకు.

మామూలు తెల్లద్దం వద్దని చెప్పింది నువ్వే. మన ఊరికి ముందు గొడుగు అన్నావు, తెల్లద్దానికి గొడుగేది? పరదా కడితే వేడి ముందే లోపలికి వచ్చి పరదా దగ్గర కూర్చుంటుందని ఇంటర్‌లో నాకు చెప్పిందీ నువ్వే, వెలుతురు కూడా పోతుందని నేను చెప్పాలా? ఇన్నాళ్ళూ నాతో అంకె అంకెకీ పోట్లాడి, చివర్లో ఇలా దిగిపోతే నమ్మబుద్ధి కావడం లేదు.

ఓంకార్ ఇచ్చిన ముక్కని కిటికీకి ఆనించి ఫోటో పంపమని రేఖక్కని అడిగాను. నీకు చెప్పకుండా అడిగాను, తిట్టుకో. ఫోటోలో అద్దం వెనక మన మియాపూర్ డిపో బస్సుల నంబర్లు కూడా కనిపిస్తున్నాయి.

కంటికి తోచింది కొలత కాదు అని నీ క్లాసులో మొదటి రోజు చెప్పేదానివట. ఆ అద్దాన్ని కొలువు అమ్మమ్మా. ఏం వస్తే అది నాకు రాయి. తరవాత ఏ అద్దం అంటే ఆ అద్దానికి సంతకం పెడతాను.

దేవి

*

మియాపూర్,
అక్టోబరు, దసరాకి వారం ముందు

దేవీ,

నీ ఉత్తరం ఎన్నికల గోడరాతలా వచ్చింది. ఎక్కడి నుంచి నిలబడుతున్నావు?

కొలిచాను. రేఖ ఫోనులో వెలుతురు కొలిచే యాప్ వేసుకుంది. బాల్కనీలో ఫోను పెట్టి ఒకసారి, దాని మీద అద్దం ముక్క పెట్టి ఒకసారి. మబ్బు కదలకుండా ఉన్నప్పుడు చాలాసార్లు తీసి సగటు కట్టాం. అంకెలు రేఖ చదివింది, నేను లెక్క వేశాను. యాభై ఒకటి వచ్చింది. లేబులు మీద ఉన్నదానికంటే ఒక పాలు ఎక్కువే. ఓంకార్ నిజాయితీపరుడు.

అద్దం నిజం చెప్తోంది, వెలుతురు నిజం చెప్తోంది. మరి మిగిలింది ఎవరు? చూసే మనిషి. నా క్లాసులో అయితే ఏ పిల్లయినా ఈపాటికి చెయ్యెత్తేది.

అద్దం పక్కన పెట్టి గోడ మీది తెల్ల క్యాలెండరుని ఒక్కో కన్నూ మూసి చూశాను. కుడి కంటికి మాసిన తెలుపు. ఎడమ కంటికి టీ వడకట్టిన గుడ్డ. రేఖని అడిగాను, ఆ కాగితం ఏ రంగే అని. "తెల్లగనే ఉంది పెద్దమ్మా, ఏమైంది?" అంది. ఏమీ లేదన్నాను.

ఇక నీకు చెప్పాలి. అక్షరాలు పెద్దవి రాసింది నీ ఫోను తెర కోసం కాదు. లైన్లు జారింది ఒళ్ళో పెట్టుకోవడం వల్లా కాదు. ఉగాది నుంచే ఇలా ఉంది. పొద్దున బాగా వెలుతురు ఉన్నప్పుడు కిటికీ దగ్గర కూర్చుని నాలుగు పేజీలు చదువుతాను, ఆ తరవాత పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదువుతున్నట్టు కూర్చుంటాను. మీ అమ్మకి తెలియదు. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. మా అమ్మ చివరి రోజుల్లో గోడలు తడుముకుంటూ తిరిగింది. చూపు ఇక రాదని ఆవిడకి డాక్టరు చెప్పినప్పుడు పక్కన నేనున్నాను. ఆ మాట నా చెవిన పడకూడదని ఆసుపత్రి వైపు పోలేదు. వినకపోతే జబ్బు ఉండదన్న సిద్ధాంతం, చదువుకున్న దాన్ని కదా.

అందుకే నాకు తెల్లద్దం కావాలి. ఆ ఒక్క అద్దంతోనే నేనింకా కాస్త చదవగలను. గది వేడెక్కితే వేడెక్కనీ. కావాలంటే కంటి సంగతి చలికాలం వచ్చాక చూద్దాం. చలికాలంలో చేయించుకుంటే కళ్ళకి మంచిదంటారు.

ఎటూ తోచకపోతే కాకినాడ ఉండనే ఉంది. కళ్ళు కనబడని ముసలిదాన్ని నీ కొత్తింట్లో పెట్టుకోమని నేనెప్పుడూ షరతు పెట్టలేదు.

అమ్మమ్మ

*

క్రాకోవ్,
అదే వారం

అమ్మమ్మా,

చదివాను. రెండుసార్లు చదివి, ఆఫీసు మెట్ల మీద కూర్చునే జవాబు రాస్తున్నాను. ఇప్పుడు నా వంతు.

మొదటిది. చలికాలం మంచిదని ఎవరంటారు? పంచాంగం ఎదురుగా పెట్టినా కళ్ళజోడు తుడుచుకుని పేపరు చదివే మనిషివి. అమ్మ మూఢం అంటే, "గ్రహాలకి నీ ఆడపడుచుల సంగతులు తప్ప వేరే పని లేదా" అన్నావు. నీ నోట చలికాలం మాట వచ్చిందంటే నువ్వెంత భయపడ్డావో నాకు అర్థమైంది. నాకు నవ్వు రాలేదు.

రెండోది. ముత్తవ్వకి వచ్చిందీ నీకు వచ్చిందీ ఒకటేనని ఎవరు కొలిచారు? తెలుపు పసుపుగా కనిపించడం, వెలుతురు చాలకపోవడం శుక్లం కూడా కావచ్చని ఇక్కడ నా పక్క సీటు అమ్మాయి చెప్పింది, వాళ్ళ నాన్న కళ్ళ డాక్టరు. కావచ్చు అంది, అవునని అనలేదు. అది చెప్పాల్సింది చూసిన డాక్టరు.

మూడోది, నేను దాచింది. ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉండమన్నారు. అదీ ఊరికే అడిగిన ప్రశ్న. నువ్వు ఇంటి గురించి ప్రతి ఉత్తరంలో ఏదో వంక పెడుతుంటే, నీకు నాతో ఉండటం ఇష్టం లేక కిటికీ మీద నెపం వేస్తున్నావనుకున్నాను. నువ్వు కాకినాడ వెళ్తే నేను ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఏం చేస్తాను, కిరాయికి ఇచ్చేసి ఇక్కడే ఉండిపోదామని జవాబు కూడా రాసి పెట్టుకున్నాను. ఇవాళ దాన్ని తీసేసి, ఉండనని ఆఫీసుకి రాసి పంపించాను. ఫిబ్రవరిలో వచ్చేస్తున్నాను. నువ్వు చూడగలిగినా, చూడలేకపోయినా ఆ గది నీదే. ఇందులో షరతు లేదు.

ఇక అద్దం. జబ్బు కంటికి సరిపడే కిటికీ కొనుక్కుంటే ఆ కిటికీ పాతికేళ్ళు ఉంటుంది. జబ్బు అన్నాళ్ళు ఉండాలని ఏముంది? కానీ నీకు మాటిచ్చాను. నువ్వు ఏ అద్దం అంటే ఆ అద్దమే. బిల్డరు కాగితం మీద నా బదులు నువ్వు సంతకం పెట్టొచ్చని మెయిల్ పంపాను. అద్దం పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలాను.

దేవి

*

మియాపూర్,
దసరా

చి. దేవికి,

మొన్న రేఖ బ్యాంకు కౌంటరు వదిలి మధ్యాహ్నం సెలవు పెట్టి నన్ను కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. "ఫికర్ చెయ్యకు పెద్దమ్మా, నేనున్న గద" అని దారంతా చెప్తూనే ఉంది, తను మాత్రం నా చెయ్యి పట్టుకున్న పట్టు వదల్లేదు. డాక్టరమ్మ నీ వయసే ఉంటుంది. కంట్లో చుక్కలు వేసి, గడ్డం ఒక స్టాండు మీద పెట్టించి, చాలాసేపు చూసింది. నేను మా అమ్మ సంగతి చెప్పాను. ఆవిడ చూపు తీసింది కంటి వెనక నరం, నాదీ చూడమన్నాను. చూసింది. నరం బాగుంది అంది. ముందున్న కటకం మసకబారింది, అంతే. శుక్లం. "మీ వయసులో రావలసిందే వచ్చిందండి. తీసేసి కొత్త లెన్స్ పెడతాం. ఇంకా ముందే రావాల్సింది." ఆలస్యానికి కారణం అడిగింది. కిటికీలు ఎంచుకోవడంలో తీరిక లేదన్నాను.

ఇన్నాళ్ళూ హైదరాబాద్‌లో ఉన్న అద్దాలన్నిటికీ వెలుతురు లెక్క కట్టాను. మసకబారిన అద్దం నా కంట్లో ఉంటే, దాని వీఎల్‌టీ మాత్రం అడగలేదు.

అక్కడి నుంచి తిన్నగా హఫీజ్‌పేట. బిల్డరు ఆఫీసులో ఓంకార్ కూడా ఉన్నాడు, కిటికీల కొలతలకి వచ్చాడట. మొన్న ఎవరి ముందు అన్నానో వాళ్ళు లేరు గానీ, ఉన్నవాళ్ళందరి ముందూ గట్టిగా చెప్పాను: "మీ లేబులు నిజం. తప్పు నా కంటిది." అతను టేపు అటూ ఇటూ తిప్పి, "గంత మాట ఎందుకమ్మా, కండ్లు ఎవరికైనా ఆగమైతయి. చాయ్ తాగుతరా?" అన్నాడు. తాగాను. చక్కెర ఎక్కువైంది, ఏమీ అనలేదు. అతను చేసిన మర్యాదకి అది నా బదులు.

తరవాత అద్దం ముక్కని ఇంకోసారి వెలుతురుకి పెట్టి చూశాను. ఇప్పటికీ సందెచీకటే. నా కళ్ళు వద్దంటూనే ఉన్నాయి. నువ్వు వదిలిన ఖాళీలో దాని పేరే రాయించి, కిందే సంతకం పెట్టాను. వేడి ముప్పై, వెలుతురు యాభై, ఫ్రేముతో కలిపి కాగితం జతపరచడమైనది. ఇక వెనక్కి పోవడానికి లేదు. గదికి సరైన అద్దం వస్తోంది, దానికి తగ్గ కళ్ళు నేను తెచ్చుకోవాలి. దీపావళి తరవాత ముందు ఎడమది, ఆ వెనక కుడిది.

షరతు లేదని రాశావు. నేనూ నా షరతు తీసేస్తున్నాను. చదవగలిగినా, లేకపోయినా వస్తాను. మీ అమ్మకి నేనే ఫోను చేసి చెప్పాను. ఏడిచింది, ఆ తరవాత మీ నాన్న ఫోను తీసుకుని ఆపరేషనుకి తూర్పు తిరిగి పడుకోమన్నాడు. ఆసుపత్రి మంచం ఏ ఫేసింగో కనుక్కుని చెప్తానన్నాను.

అమ్మమ్మ

*

హఫీజ్‌పేట,
జనవరి, సాయంత్రం నాలుగు

చి. దేవికి,

ఈ ఉత్తరం ఒక్క పేజీలో ముగుస్తుంది. అక్షరాలు చూశావుగా. కనబడకపోతే ఫోనులో పెద్దవి చేసుకో.

నీ గదిలో ఇంకా బల్ల లేదు, నా గదిలో కుర్చీ ఒక్కటే ఉంది. పోచయ్య ఎక్కించాడు. కిటికీ దగ్గర వేసుకుని కూర్చున్నాను. ఎండ ఎదురుగా వాలుతోంది. అద్దం మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, లోపల మాత్రం ఆ వెచ్చదనం లేదు. చలికాలపు ఎండ కదా, దీన్ని చూసి పొంగిపోవడం లేదు. అసలు పరీక్ష ఏప్రిల్‌లో, అప్పటికి నువ్వూ ఉంటావు. లైటు వేయలేదు. పుస్తకం నలభై పేజీలు అయింది. మధ్యలో ఆపింది కళ్ళు కాదు, లోకల్ రైలు వెళ్తుంటే చూద్దామని నేనే ఆపాను. వినిపించడం తగ్గింది. ఆ విషయంలో నువ్వే గెలిచావు, కానీ రైలు పెట్టెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, ఒకదానికొకటి సరిపోయింది.

ఆపరేషను అయ్యాక మొట్టమొదట చూసిన వింత, మన మియాపూర్ ఇంటి వంటగది. అంత జిడ్డులో ఇన్నాళ్ళు నీకు వండి పెట్టానా? చెప్పకుండా తిన్నందుకు నీ మీద గౌరవం పెరిగింది. రెండో వింత బాత్రూం అద్దంలో. ఎవరో పెద్దావిడ కనిపించింది, నాకంటే పదేళ్ళు పెద్దది. ఇప్పుడిప్పుడే పరిచయం అవుతోంది.

కిటికీ మీద ఇంకా కంపెనీ స్టిక్కరు ఉంది. బిగించినవాళ్ళు తీసేయబోతే వద్దన్నాను. అడుగున చుక్క గుర్తు పక్కన రాసిన చీమ తలకాయంత అక్షరాలు చదివాకే తీయమన్నాను. చదివాను, కళ్ళజోడు పెట్టుకుని. గాలి ఎంత దూరుతుందో చెప్పే అంకె కూడా ఉంది, దాని పాఠం నువ్వు వచ్చాక.

ఒక్క లోపం కనిపెట్టాను. కుడివైపు కింది మూల, రెండు అద్దాలకీ మధ్యన, లోపలి వైపు, ఎవరిదో బొటనవేలి ముద్ర ఉంది. ఫ్యాక్టరీలో మూసేముందు ఎవరో పట్టుకుని ఉంటారు. ఇటు తుడిచినా అటు తుడిచినా పోదు. బిగించినవాళ్ళు చూడలేదు, రేఖ చూడలేదు, ఓంకార్‌ని పిలిచి చూపిస్తే వంగి వంగి చూసి, "మీకెట్ల కనవడ్డది అమ్మా?" అన్నాడు. తప్పు తమదే కాబట్టి అద్దం మార్చి కొత్తది వేయిస్తానన్నాడు. నేను వద్దన్నాను. రోజూ సాయంత్రం మియాపూర్ నుంచి వచ్చి కుర్చీలో కూర్చోగానే ముందు దాన్ని చూసుకుని, ఆ తరవాతే పుస్తకం తెరుస్తున్నాను.

వచ్చాక నువ్వూ చూద్దువుగాని. కనిపించలేదంటే మాత్రం చెప్పు, డాక్టరమ్మ నంబరు నా దగ్గర ఉంది.

అమ్మమ్మ